బోర్లించిన గిన్నె

సావనీరుకి రెండు పేజీల చరిత్ర రాసిమ్మని
కమిటీవాళ్లు నన్ను పట్టుకున్నారు.
బ్యాంకులో ముప్పయ్యేళ్లు లెక్కలు రాసినవాణ్ణి,
తేదీలు తప్పనని వాళ్ల నమ్మకం.

తేదీలకేం, ఉన్నాయి.
పాలరాతి పలక మీద విట్కమ్ దొర పేరు,
పునాది వేసిన సంవత్సరం,
దొరసాని పేరు కాస్త చిన్న అక్షరాల్లో.
సున్నపు గానుగ తిప్పిన ఎద్దుల పేర్లు ఎవరూ చెక్కరు కదా,
తోలినవాళ్లవి అడగడం దేనికి.

అప్పుడు పట్నం ఇక్కడితో అయిపోయేది.
ఇటు నిజాం రాజ్యం, అటు కంటోన్మెంటు,
నడుమ అడ్డంగా ఒక వెదురు బొంగు, కరోడ్‌గిరి నాకా.
(ఇప్పుడక్కడ మెట్రో స్తంభం,
దాని నీడలో ఒక జిరాక్సు షాపు.)
బొంగుకి ఇవతల హాలీ సిక్కా, అవతల కల్దారు.
ఆదివారం కానుక సంచి దులిపితే రెండూ రాలేవి.
ఏ రాజుది ఆ రాజుకి వేరుచేసి
దేవునిది ఎంతో తేల్చేసరికి
పాదిరికి సోమవారం సగం గడిచేది.

గుడి అంటే గుర్రాలు ఖాళీ చేసిన కొట్టం.
వాన పడితే ప్రసంగం మధ్యలో లద్దె వాసన లేచేది.
చాప మీద కూర్చున్నది
సోల్జర్ల బట్టలుతికేవాళ్లు, రైలు లైను కూలీలు,
పేర్లు మార్చుకున్నవాళ్లు,
మారిన పేరుతో పిలిస్తే
ఇంకా తిరిగి చూడనివాళ్లు.

బాప్తిస్మాల రిజిస్టరులో నాలుగో పేరు తబిత.
పక్కన సన్నగా: పూర్వనామం ఎల్లి.
పని: బైబిలు స్త్రీ.
జీతం: నెలకు మూడు రూపాయలు, హాలీ.

గంట ఓడ దిగి, రైలెక్కి,
ఎడ్లబండిలో నాకా దాకా వచ్చిన రోజు
దొర జ్వరంతో మంచం మీదున్నాడు.
ముంషీ ఖుద్రతుల్లా పెట్టె మూత తీయించి
ఇదేమిటన్నాడు. కంచయితే మణుగుకింత సుంకం.
తబితమ్మ కొంగున ఏడణాలున్నాయి.
"ఆకలైనోళ్లను పిలిచే గిన్నె సాబ్" అందట.
ముంషీ కలం ముంచి
చాలాసేపు అట్లాగే పట్టుకున్నాడట.
చిట్టా నకలు మా బీరువాలో దొరికింది,
ఉర్దూ మాస్టారితో చదివించాను:
గిన్నె ఒకటి. పెద్దది. బోర్లించి ఉన్నది.
సొంత వాడకానికి. సుంకం లేదు.

దొంగసరుకు చరిత్ర మనకెందుకండీ
అంటాడు ట్రెజరరు ఒబేదు.

తర్వాత పెద్దజ్వరాల ఏడు.
శవపెట్టెలకి కర్ర చాలక గుడి బెంచీలు విప్పారు.
వండేందుకు పెద్ద పాత్ర దొరక్క గంట దించారు.
నాలుక ఊడదీసి
మూడు రాళ్ల మీద వెల్లకిలా పెట్టి
జొన్నగంజి కాచారు.
తబితమ్మకి అప్పటికే చూపు లేదు,
అయినా కలపడం ఎవరికీ వదల్లేదు.
గరిటె అంచుకి తగిలినప్పుడల్లా
ఒక మూలుగులాంటి మోత,
అది విని బొంగు అవతలి నుంచి కూడా వచ్చారట
ముంతలు పట్టుకుని,
మాదిగవాడ, పఠాన్ల గల్లీ, లైను కూలీలు.
పదకొండో రోజు గంట బీటవారింది.

అందుకే మా గంట మోగదు, దగ్గుతుంది.
చిన్నప్పుడు దాన్ని అనుకరించి
సండే స్కూల్లో దెబ్బలు తిన్నాను,
ఎందుకు దగ్గుతుందో కొట్టిన టీచరమ్మకీ తెలీదు.

ఉత్సవానికి కొత్త గంట ఆర్డరిచ్చారు.
పాతది తూకానికి.
వోచరు నన్నే రాయమన్నారు.

రెండు పేజీల చరిత్ర నాలుగైంది,
కొట్టేయడానికి ఒక్క వాక్యం దొరకడం లేదు.
వోచరు ఇంకా బల్ల మీదే ఉంది.
"వస్తువు" అన్న గడి దగ్గర
కలం పట్టుకుని కూర్చున్నాను.
లోపల్నించి అన్నానికి పిలుస్తున్నారు,
ఇది రెండోసారి.